పచ్చ టిక్లి వెనక ఖాళీ

బుచ్చన్న స్టూడియో బయట గోడకు బిగించిన అద్దాల పెట్టెలో ఒక ఫోటో జాగా ఖాళీగా ఉంది. ఆ ఖాళీకి ఎదురుగా, అద్దం పైవైపున, నుదుట పెట్టుకునే పచ్చ టిక్లి ఒకటి అంటించి ఉంది.

శివరాం దాన్ని ముట్టుకోలేదు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి వంగి, పక్క నుంచి ఒకసారి, కింద నుంచి ఒకసారి చూశాడు. అతని వెనక చంద్రమ్మ జల్లుకు కొంగు నెత్తిన కప్పుకుని నిలబడింది.

"ఇదేనా?"

"ఇదే సారూ. నేనే అంటిచ్చిన. దీని ఎనక మా ఆయన ఉండె."

చంద్రమ్మ భర్త ఎల్లయ్య పాలమూరు నుంచి వచ్చిన కూలి. బక్కయ్య మేస్త్రి ముఠాలో ఇటుకలు మోస్తాడు. కామాటిపుర చాళ్‌లో మొదటి అంతస్తున సాయమ్మ అనే ముసలామెకు ఒంటిగది ఖోలీ ఉంటే, అందులో ఒక మూల మొగుడూ పెళ్ళాం అద్దెకుండేవాళ్ళు. పోచమ్మ బోనాల నాడు, ఊరేగింపు ఆ గల్లీలోంచి పోతుండగా, సాయమ్మ గొంతు ఎవరో నులిమేశారు. గల్లీ మొదట్లో డప్పు వినపడగానే "నీళ్ళు తెస్తున్నా, ఆగమనుండ్రి" అని ఆమె వరండాలోంచి కేకేయడం కింది వాళ్ళు విన్నారు. బోనం ఆమె గుమ్మం ముందుకు వచ్చినప్పుడు పసుపు నీళ్ళు పోయడానికి ఎవరూ దిగిరాలేదు. ఊరేగింపు గుడి చేరాక ఎవరో పైకెళ్ళి చూస్తే తలుపుకు బయట గొళ్ళెం పెట్టి ఉంది. లోపల సాయమ్మ చనిపోయి ఉంది.

ఆ టైముకు ఎల్లయ్య మెట్లెక్కుతుంటే గుడి దగ్గర నుంచి చూశానని బక్కయ్య మేస్త్రి పోలీసులకు చెప్పాడు. ఖోలీ ఖాళీ చెయ్యమని సాయమ్మ ఎల్లయ్యతో గొడవ పడిన మాట నిజం. పోలీసులకు అది చాలింది. రేపు అతన్ని మళ్ళీ కోర్టుకు తీసుకుపోతారు. చార్జిషీటు తయారుగా ఉంది.

ఎల్లయ్య చెప్పేది ఒక్కటే మాట. తను పైకి పోలేదు, పోతరాజు ఆడుతుంటే చూస్తూ కింద నిలబడ్డాడు. పక్కన పోచయ్య ఉన్నాడు. పోచయ్య కూడా ఆ ముఠాలో మనిషే, వయసు మళ్ళినవాడు. ముఠాలో మిగిలిన వాళ్ళంతా, చంద్రమ్మతో సహా, ఆ రోజు పనిలో ఉన్నారు. బోనాలైన మర్నాడే పోచయ్యను మేస్త్రి ఏదో పని మీద ఊరికి పంపాడు. తర్వాత నాలుగు రోజులకు, పోచయ్య ఊళ్ళో జ్వరం తగిలి పోయాడని కబురు చెప్పాడు. చెప్పింది కూడా మేస్త్రే.

ఇక మిగిలింది ఫోటో.

బుచ్చన్న పద్ధతి ఆ గల్లీలో అందరికీ తెలుసు. పెళ్ళిగానీ బోనాలుగానీ, తను తీసిన బొమ్మలన్నిటికీ చిన్న ప్రింట్లు తీసి, మూలన నంబరు వేసి, ఈ పెట్టెలో పెడతాడు. వచ్చే పోయే వాళ్ళు చూసుకుంటారు. చదువొచ్చిన వాళ్ళు లోపలికి వెళ్ళి ఫలానా నంబరు, ఫలానా సైజు అని చెప్తారు. చదువు రాని ఆడవాళ్ళు తమకు కావలసిన బొమ్మ ఎదురుగా అద్దం మీద టిక్లి అంటించి పోతారు. ఎవరి నుదుటి టిక్లి ఏ రంగో, ఏ ఆకారమో బుచ్చన్నకు తెలుసు. రెండు కాపీలు కావాలంటే రెండు టిక్లీలు. పెట్టెలో ఫోటోలు పెట్టిన రోజునే చంద్రమ్మ తన పచ్చ టిక్లి అంటించింది. ఊళ్ళో అత్తకు చూపించాలనుకుంది. మరుసటి రోజు పోలీసులు ఎల్లయ్యను పట్టుకుపోయారు. ఆమె ఫోటో కోసం వచ్చేసరికి టిక్లి ఉంది, ఫోటో లేదు. అట్లాంటి ఫోటోనే లేదన్నాడు బుచ్చన్న.

"ఇవాళ పనికి పోలేదా?" అని అడిగాడు శివరాం, కళ్ళు అద్దం మీదే ఉంచి.

వాన అని మేస్త్రి ముఠాకంతా సుట్టీ ఇచ్చాడని చెప్పిందామె. శివరాం తల పైకెత్తి చూశాడు. సన్నటి జల్లు. ఆషాఢం మొదలైన నాటి నుంచీ ఇంతకు నాలుగింతలు కురుస్తూనే ఉంది. ఆమెను అరుగు మీద కూర్చోమని లోపలికి వెళ్ళాడు.

బుచ్చన్న బల్ల వెనక నిలబడి ఉన్నాడు. నలభై దాటిన మనిషి. వేళ్ళ చివర్లు ఫోటోలు కడిగే మందులకు గోధుమ రంగు తిరిగాయి. శివరాం ఎవరో అతనికి తెలుసు. గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర మెట్ల కింద గదిలో బోర్డు లేని డిటెక్టివ్. ఒకప్పుడు పోలీసు.

ఖాళీ జాగాలో ఏ ఫోటో ఉండేదని శివరాం అడిగాడు. పెట్టెలో ఖాళీలు మామూలేనన్నాడు బుచ్చన్న. గాలికి పడిపోతాయి, తేమకు ఊడిపోతాయి. పడిపోతే మళ్ళీ ప్రింటు తీసి పెట్టవచ్చు కదా అని శివరాం అడిగాడు. నెగెటివ్ పాడైందన్నాడు బుచ్చన్న. పడిపోయిందా, పాడైందా అని శివరాం మళ్ళీ అడిగాడు. బుచ్చన్న బల్ల మీది గాజు గ్లాసును ఇటు నుంచి అటు జరిపాడు.

అప్పుడే బయట జీపు ఆగింది.

సబ్ ఇన్‌స్పెక్టర్ శంకర్రావు లోపలికి వచ్చాడు. వెనక ఒక కానిస్టేబుల్, చేతిలో గోనెసంచి. శంకర్రావు ఈ గల్లీలోనే పుట్టాడు. అతని తాత రాళ్ళు కొట్టాడు, తండ్రి మిల్లులో చేశాడు. అతను తెలుగు మాట్లాడేది కోపమొచ్చినప్పుడూ ఎగతాళి చేసేటప్పుడూ. శివరాం, అతనూ ఒకే స్టేషన్‌లో నాలుగేళ్ళు పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారు. శివరాం ఉద్యోగం వదిలేశాక ఆ రెండో కుర్చీ కూడా శంకర్రావే తీసుకున్నాడు.

"కాయ్ శివరాం, ఫోటో దిగనీకె వచ్చినవా? పెండ్లి కుదిరిందా?"

శివరాం గోనెసంచి వైపు చూశాడు.

బోనాల ఫోటోలన్నీ కేసు కోసం తీసుకుపోతున్నానని శంకర్రావు బుచ్చన్నతో చెప్పాడు. ఊరేగింపు మొత్తంలో ఎల్లయ్య ఒక్క ఫోటోలో కూడా లేడు. రేపు కోర్టులో అదే చూపిస్తాడు. కానిస్టేబుల్‌కు సైగ చేశాడు. అతను బయటికెళ్ళి పెట్టె తెరిచి, ఒక్కొక్క ఫోటో పీకి సంచిలో వేయడం మొదలుపెట్టాడు.

"ఒక ఫోటో తక్కువుంది," అన్నాడు శివరాం. "దాని మీద టిక్లి మాత్రం మిగిలింది."

శంకర్రావు బయటికి వెళ్ళి చూసి వచ్చాడు. అరుగు మీది చంద్రమ్మను కూడా చూసి వచ్చాడు.

"పొద్దుగాల అంటిచ్చి ఉంటది. ఆమె నుదుటి మీద ఇంకోటి ఉంది, పచ్చదే. రూపాయికి ఎన్నొస్తయి అవి?"

శివరాం బుచ్చన్నను అద్దం ఎప్పుడెప్పుడు తుడుస్తావని అడిగాడు. రోజూ దుకాణం తెరవగానే తడి కాగితంతో అన్నాడు బుచ్చన్న. టిక్లీలు ఊడకుండా చుట్టూ తుడుస్తాడు. శివరాం శంకర్రావును వెంట తీసుకెళ్ళి, చూపుడు వేలు అద్దానికి దగ్గరగా పెట్టి చూపించాడు. పచ్చ టిక్లి చుట్టూ కాగితం అందని చోట సన్నటి నల్లటి గీత గుండ్రంగా పట్టి ఉంది. అది ఒక్క పూటలో పట్టే మురికి కాదు. పక్కన పెళ్ళి ఫోటోల మీద, పది రోజుల కింద అంటించిన ఎర్ర టిక్లి చుట్టూ కూడా అంతే ఉంది.

"సరే, ఉండె అనుకుందాం," అన్నాడు శంకర్రావు. "ఏ ఫోటో మీదనో ఎవరికెరుక? ఈ గోడకు సాక్ష్యం చెప్పమంటవా?"

"ఈ గోడను అడగ. బుచ్చన్ననే అడుగుత."

లోపలికి వచ్చాక శివరాం బల్ల ఇవతల కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చేతులు బల్ల మీద పెట్టుకుని ఊరుకున్నాడు. అతని దగ్గర ఉన్న పెద్ద ఆయుధం అదే. ఎదుటి మనిషి మాట్లాడేదాకా ఊరుకోవడం. బయట ఫోటోలు పీకుతున్న చప్పుడు వినిపిస్తోంది. బుచ్చన్న రెండుసార్లు తలుపు వైపు, ఒకసారి వెనక గది వైపు చూశాడు.

"అది దండకు పోయిందన్నా," అన్నాడు చివరికి.

శంకర్రావు అర్థం కానట్టు చూశాడు. శివరాంకు అర్థమైంది. అయినా చెప్పించాడు.

ఎవరైనా పోతే ఇంట్లో దండ వేసి పెట్టుకోవడానికి ఫోటో కావాలి. కూలి జనానికి ఒంటిగా దిగిన ఫోటోలుండవు. ఏ పెళ్ళిలోనో జాతరలోనో గుంపులో దిగి ఉంటారు. ఆ గుంపులోంచి మొహం కత్తిరించి, పెద్దది చేసి, ఫ్రేము కట్టి ఇస్తాడు బుచ్చన్న. అట్లా ఒక బొమ్మ దండకు అడిగారంటే ఆ క్షణమే దాన్ని పెట్టెలోంచి తీసేస్తాడు. బోనాల బొమ్మల మధ్య పోయినవాణ్ణి వేలాడదీస్తే గల్లీ ఊరుకోదు. ఫ్రేము కట్టే పని కాగానే నెగెటివ్ కూడా వాళ్ళకే ఇచ్చేస్తాడు. చచ్చిన వాడి నీడ ఇంకొకరి ఇంట్లో ఉండకూడదు. వాళ్ళు దాన్ని బూడిదతో పాటు నీళ్ళలో కలుపుకుంటారు. అతని తండ్రి ఇట్లాగే చేశాడు, ఇతనూ చేస్తున్నాడు. దండకు పోయిన బొమ్మ గురించి మిగతా గిరాకీలతో మాట్లాడరు. అందుకే చంద్రమ్మకు లేదని చెప్పాడు.

"ఎవరి దండకు?"

"మేస్త్రి బక్కయ్య ముఠాల ముసలాయన. పేరు పోచయ్యనంట. ఊళ్ళె పోయిండని మేస్త్రే వచ్చి చెప్పిండు. ఆయన పక్కపొంటి ఈమె పెనిమిటి ఉన్నడని నేనెక్కడ చూసిన అన్నా? నాకు మొఖం ఒక్కటే పని."

శంకర్రావు నవ్వాడు. బక్కయ్య తన సాక్షి. ముఠాలో దిక్కులేని కూలీ పోతే సొంత మనిషిలా ఫోటో కట్టించిన పెద్దమనిషి. దీంట్లో తప్పు వెతకాలంటే శివరాం లాంటి పనిలేని వాడే కావాలన్నాడు. పోచయ్యను నువ్వు ఎప్పుడైనా విచారించావా అని శివరాం అడిగాడు. అతను ఊరికి పోయాడు కదా అన్నాడు శంకర్రావు. పోయాడని ఎవరు చెప్పారని అడిగాడు శివరాం. బక్కయ్య. చనిపోయాడని ఎవరు చెప్పారు? శంకర్రావు కానిస్టేబుల్‌ను త్వరగా కానిమ్మని మరాఠీలో కేకేశాడు.

శివరాం బుచ్చన్న వైపు తిరిగాడు.

"నెగెటివ్ ఇచ్చినవా?"

"ఇచ్చిన. సముద్రంల కలుపుతా అన్నడు."

"ఫ్రేము?"

బుచ్చన్న కొంచెం ఆగి, అది ఇక్కడే ఉందన్నాడు. తొందర లేదు, నీ దగ్గరే ఉండనీ అని మేస్త్రి వదిలిపోయాడు. నిన్న సాయంత్రం మాత్రం వచ్చి, రేపు పొద్దుగూకే సరికి తీసుకుపోతా, అద్దం తుడిచి పెట్టమన్నాడు.

"నెగెటివ్ ఆ రోజే కొంటవోయిండు. ఫ్రేము పది రోజులు ముట్టలేదు. నీ దగ్గర ఇట్ల ఎవరన్న చేసిన్రా ఇంతకు ముందు?"

బుచ్చన్న ఆలోచించాడు. లేదన్నాడు. మొహం కోసమే ఏడ్చుకుంటూ వస్తారు. ఫ్రేమును కడుపుకు హత్తుకుని పోతారు. నెగెటివ్ సంగతి వాళ్ళే మరిచిపోతే తనే గుర్తు చేస్తాడు.

శివరాం లేచి వెనక గదిలోకి నడిచాడు. వారంటు ఉందా అని శంకర్రావు వెనక నుంచి అన్నాడు. బుచ్చన్న రమ్మంటున్నాడు అన్నాడు శివరాం. బుచ్చన్న కాదనలేదు.

వెనక గది ఇరుకు. ఒక వైపు నల్లగుడ్డ వేలాడదీసిన చీకటి గది. ఇంకో వైపు కిటికీ కింద పొడుగు బల్ల. బల్ల మీద కత్తెరలు, సన్నటి కుంచెలు, రంగు బిళ్ళలు, భూతద్దం, అతికించడానికి మైదా లేయి గిన్నె. గోడకు ఆనించి నాలుగైదు ఫ్రేములు మొహాలు గోడవైపు తిప్పి ఉన్నాయి.

శివరాం ముందు బల్లను చూశాడు. ఏదీ కదపకుండా చేతులు వెనక్కి కట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. మనిషి తన చేతులతో పనిచేసే చోట నేలను కూడా చూడాలి. నేల మీద కాగితం ముక్కలున్నాయి. అన్నీ అంచులే, సన్నటివి. వాటిలో బొమ్మలేదు.

మొహం ఎట్లా కత్తిరిస్తావని అడిగాడు. పెద్ద కాగితం మీద బొమ్మ తీసి, తలా భుజాల వెంట కత్తెరతో కోసి, నీలి అట్ట మీద అతికించి, అంచులకు రంగు దిద్దుతానన్నాడు బుచ్చన్న.

"కోసినంక మిగిలిన కాగితం?"

"పారేస్త. మందమైన కాగితమైతే..." బుచ్చన్న ఆగిపోయాడు. బల్ల మీది లేయి గిన్నె వైపు చూశాడు.

గిన్నె కింద కారిన లేయి బల్లకు అంటకుండా పెద్ద కాగితం ఒకటి పరిచి ఉంది. తెల్లవైపు పైకి ఉంది. శివరాం గిన్నె ఎత్తి పక్కన పెట్టి కాగితాన్ని తిప్పాడు.

మధ్యలో ఒక మనిషి ఆకారంలో బొక్క ఉంది. తల, రెండు భుజాలు. బొక్కకు ఎడమ పక్క ఎల్లయ్య. నోరు కొంచెం తెరిచి పోతరాజు కొరడా వైపు చూస్తున్నాడు. అతని ఎడమ చెయ్యి పక్క మనిషి భుజం మీదికి చాచి ఉంది. మణికట్టు దాకా ఉంది, ఆ తర్వాత బొక్క. ఒక మూల వేపాకులు కట్టిన బోనం కుండ కనిపిస్తోంది. వాళ్ళ తలల పైన, కాగితం పై అంచున, చాళ్ మొదటి అంతస్తు వరండా. వరండాలో డాల్డా డబ్బాలో తులసి మొక్క. ఆ మొక్క సాయమ్మది. ఆ తలుపు సాయమ్మది.

తలుపు ముందు ఒక మనిషి ఉన్నాడు. వీపు సగం ఇటు, మొహం సగం వీధి వైపు. ఒక చేత్తో తలుపు రెక్క లాగి పట్టుకున్నాడు, ఇంకో చెయ్యి గొళ్ళెం మీద ఉంది.

శివరాం భూతద్దం తీసి శంకర్రావుకు ఇచ్చాడు.

శంకర్రావు చాలాసేపు వంగి చూశాడు. నిటారుగా నిలబడి, కాగితాన్ని వెలుతురులో పెట్టి మళ్ళీ చూశాడు. ఆ సగం మొహం బక్కయ్యది.

"ఇది కోర్టుల నిలవది," అన్నాడు చివరికి. గొంతులో ఎగతాళి లేదు. "నెగెటివ్ లేదు. నడుమ బొక్క. ఈ కాగితం ఏ బొమ్మదో, ఏ యేటి బోనాలదో ఎవడన్న అడిగితె ఏం చెప్తవ్?"

శివరాం గోడకు ఆనించిన ఫ్రేముల్లో కొత్త చెక్క ఉన్నదాన్ని వెలికి తీసి ఇటు తిప్పాడు. నీలి అట్ట మీద పోచయ్య. నెరిసిన మీసం, చెంపలు లోపలికి పోయిన మొహం. ఆ నుదుట బుచ్చన్న బొట్టు దిద్దాడు. కుడి భుజం మీద చొక్కా మడతల్లా కొన్ని గీతలు దిద్ది ఉన్నాయి. శివరాం భూతద్దం పెట్టమన్నాడు. మడతల కింద నాలుగు వేళ్ళున్నాయి. ఎల్లయ్యవి. కోసిన చోట మణికట్టు అంచు, కాగితంలో మణికట్టు అంచు ఒకటే.

"అట్ట ఊడదీసి బొక్కల పెడితె సరిపోతది. లాకప్పుల ఉన్నోని చెయ్యి ఇది. ఇంకా ఏం కావాలె?"

శంకర్రావు జేబు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. తప్పు ఒప్పుకునే మనిషి కాదతను. ఖోలీ మీద బక్కయ్య కన్ను చాలా ఏళ్ళుగా ఉందని తనకు తెలుసన్నాడు. కూలీలను పెట్టుకోవడానికి జాగా కావాలని రెండుసార్లు అడిగాడనీ, ముసలామె తలుపు మొహాన వేసిందనీ తెలుసన్నాడు. తెలిసీ ఎందుకు ఊరుకున్నావని శివరాం అడగలేదు. ఫోటో ఒక్కటే చాలదు, పక్కన నిలబడ్డ మనిషి బతికుంటే కేసు వేరే ఉండేదని శంకర్రావు అన్నాడు.

శివరాం ఫ్రేము వైపే చూస్తున్నాడు.

"బతికున్నడేమో," అన్నాడు.

ఇద్దరూ అతని వైపు తిరిగారు. శివరాం తొందర పడకుండా చెప్పాడు. బక్కయ్యకు కావలసింది పెట్టెలోని బొమ్మ, నెగెటివ్. దొంగతనం చేస్తే బుచ్చన్న గల్లీ అంతా చాటేవాడు. దండకు అడిగితే రెండూ నోరెత్తకుండా చేతికొస్తాయి. ఇక్కడి ఆచారం తెలిసిన వాడికే తట్టే ఉపాయం. దానికి ఒక చావు కావాలి. పోచయ్య ఊళ్ళో ఉన్నాడు, కాబట్టి అతన్ని చంపేశాడు, మాటతో. కానీ అతను కూడా ఇక్కడి వాడే. గొంతు నులమగలిగిన చెయ్యి, బతికున్న మనిషి దండ ఫోటోను ఇంటికి తీసుకుపోలేకపోయింది. అందుకే ఫ్రేమును పది రోజులు ఇక్కడే వదిలేశాడు.

"మరి ఇయ్యాలకే ఎందుకు అడిగిండు?" అన్నాడు బుచ్చన్న.

శివరాం ఫ్రేమును చంకలో పెట్టుకుని ముందు గదిలోకి వచ్చి, బల్ల మీద నిలబెట్టి, చంద్రమ్మను లోపలికి పిలిచాడు. ఈయన పోయినట్టు మీకు ఊరి నుంచి ఎవరైనా చెప్పారా అని అడిగాడు. ఆమె ఫోటోను చూసి కొంగు కళ్ళకు పెట్టుకుంది. మేస్త్రి చెప్పాడు, అంతే. ముఠా అంతా ఆ పూట పొయ్యి ముట్టించలేదు.

కానిస్టేబుల్ సంచి మూతి కడుతున్నాడు. గుమ్మంలో ఇంకొక మనిషి అలికిడి అయింది. కిష్టమ్మ, గ్రాంట్ రోడ్ స్టేషన్ మెట్ల దగ్గర పూలమ్మే మనిషి. మధ్యాహ్నం అన్నానికి గల్లీకి వస్తుంది. చేతిలో తడిగుడ్డ చుట్టిన పొట్లం.

"బుచ్చన్నా, ఇగో దండ. బక్కయ్య మేస్త్రి నీ కాడ ఇచ్చి పొమ్మన్నడు. తడిగుడ్డ తియ్యకు, వాడిపోతది." పొట్లం బల్ల మీద పెట్టబోయి, పోలీసులను చూసి ఆగింది. తర్వాత ఫ్రేమును చూసింది. దాన్నే చూస్తూ నిలబడిపోయింది.

"ఈయన ఫోటో కాడికా?"

"ఈయన నీకు ఎర్కనా?" అన్నాడు శివరాం.

"పేరు ఎర్క లేదు. పొద్దుగాల మేస్త్రి పక్కపొంటి ఉన్నడు కదా. లోకల్ దిగి ఇద్దరు వచ్చిన్రు. నెత్తి మీద మూట ఉండె. ఊరికెళ్ళి వస్తున్నడంట."

బుచ్చన్న బల్ల పట్టుకున్నాడు. చంద్రమ్మ కొంగు కళ్ళ మీద నుంచి జారింది.

ఇద్దరూ ఎటు పోయారని శివరాం అడిగాడు. ఫాక్‌లాండ్ రోడ్ వైపు టాక్సీ ఎక్కారని చెప్పింది కిష్టమ్మ. పనిచోటికి పోదామని మేస్త్రి అనడం విన్నది. ముసలాయన టాక్సీ ఎక్కడానికి భయపడితే మేస్త్రి చెయ్యి పట్టుకుని ఎక్కించాడు.

"మీ పనికాడ ఇయ్యాల ఎవరుంటరు?" అని శంకర్రావు చంద్రమ్మను అడిగాడు. తెలుగులోనే అడిగాడు. గొంతులో ఎగతాళీ లేదు, కోపమూ లేదు.

"ఎవ్వరుండరు సారూ. అందరికి సుట్టీ. లిఫ్టు గుంత తవ్వి పెట్టినం. అండ్ల కాంక్రీటు పోసేది ఉండె, వాన తగ్గినంక పోద్దామన్నడు."

జల్లు ఆగిపోయి కొంతసేపయింది. ఆ సంగతి అందరికంటే ముందు శివరాం గమనించాడు. పది రోజుల కింద అందరూ ఏడ్చి ఊరుకున్న మనిషిని ఇప్పుడు ఎవరూ వెతకరు. పొద్దుగూకేసరికి ఆ దండ ఫోటో నిజమవుతుంది, అందుకే మేస్త్రి దాన్ని ఇవాళకు అడిగాడు. పోచయ్య తిరిగొచ్చినట్టు తెలిసిన మనిషి ఈ ఊళ్ళో మేస్త్రి ఒక్కడు. పూలమ్మే ఆడమనిషిని అతను లెక్కలోకి తీసుకోలేదు.

శంకర్రావు అప్పటికే బయటికి నడిచాడు. టోపీ బల్ల మీదే ఉండిపోయింది. జీపు స్టార్టయింది. దోవ చూపించడానికి చంద్రమ్మ వెనక ఎక్కింది. శివరాం బయటికి పోతూ కిష్టమ్మ దగ్గర ఒక్క క్షణం ఆగాడు. దండ ఎవరి కోసమో ఆ ముసలాయనకు మేస్త్రి చెప్పాడా అని అడిగాడు.

"ఎవరో పోయిన్రని చెప్పిండు. పాపం ఆయననే కూసోని పూలు ఏరిండు. ఇచ్చుకున్నయి తీస్కోవద్దు, మొగ్గలే గుచ్చమన్నడు." ఆమె తడిగుడ్డ మీద చెయ్యి పెట్టి ఉంది. తీయాలో వద్దో తెలియనట్టు. "సాయంత్రానికి ఇచ్చుకుంటయి, ఫోటోకు నిండుగ ఉంటదన్నడు."